రుషికొండ ఆఫీసు మానేసి ఎస్సైకి దిగాలా? ఉన్నదున్నట్టు చెప్పండి

రాత్రిబండి_రుషికొండ
వయసు 26, బీసీ-డి. విశాఖలో రుషికొండ కొండమీద ఒక ఆఫీసులో అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని. సాయంత్రం ఆరున్నరకి క్యాబ్ ఎక్కితే తెల్లారగట్ల ఇల్లు చేరతాను. చేతికి 31 వేలు. పనిలో కష్టమేం లేదు, అదే నా గొడవ. క్లెయిమ్ ఎందుకు తిరగ్గొట్టారో చూడు, సరిచెయ్యి, మళ్ళీ పంపు. నేను మానేస్తే సోమవారానికల్లా ఆ కుర్చీలో ఇంకొకడుంటాడు.

ఎస్సై రాయాలని డిగ్రీ నుంచీ ఉంది. నోటిఫికేషన్ పడేలోపే మానేసి పూర్తిగా కోచింగ్‌కి కూర్చుందామని ఆలోచన. అమ్మ "ఏసీలో కూర్చునే ఉద్యోగం కాలదన్నుకుని ఎండలో నిలబడతానంటావేట్రా" అంటుంది. నాన్న ఏమీ అనడు, దానికి ఇంకా భయం. దాచుకున్న డబ్బు ఏడెనిమిది నెలలకి సరిపోతుంది. ఎత్తు 170, పరుగు సున్నా. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు, రాసినవాళ్ళు, రాసి విసిగిపోయినవాళ్ళు చెప్పండి. "నీ మనసు చెప్పింది విను" బ్యాచ్ దయచేసి ఇటు రావద్దు.

కంచరపాలెం_కుర్రోడు
నీ మనసు చెప్పింది విను.

మజ్జిగపులుసు
పైవాణ్ణి సెక్షన్ రాసి లోపలెయ్యండి ముందు.

బ్యాంకు_బాబాయ్
మానెయ్యకు. నీ కోరిక తప్పని కాదు, నీ ఏడెనిమిది నెలల లెక్క తప్పు. 2022 నవంబర్ 28న రెండు నోటిఫికేషన్లూ ఒకేసారి ఇచ్చారు: ఎస్సై 411, కానిస్టేబుల్ 6,100. ఎస్సై వాళ్ళకి 2023 ఫిబ్రవరిలో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్ అయిపోయాయి. కానిస్టేబుల్ సంగతి చూడు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాసినవాళ్ళకి దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబర్ చివరికి గానీ మొదలవలేదు. మెయిన్స్ 2025 జూన్ 1న. ఎన్నికలని కొన్నాళ్ళు, కోర్టు కేసులని కొన్నాళ్ళు. మా మేనల్లుడు ప్రిలిమ్స్ అవ్వగానే ప్రైవేటు ఉద్యోగం మానేశాడు. మధ్యలో గాజువాకలో సెల్ రీఛార్జి కొట్టు పెట్టుకున్నాడు, పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఆ తర్వాత పరిగెత్తడానికి పిలిచారు.

మజ్జిగపులుసు
పరిగెత్తాడా?

బ్యాంకు_బాబాయ్
పాసయ్యాడు. మెయిన్స్‌లో పోయింది. కొట్టు మాత్రం బాగా నడుస్తోంది.

ఆర్టీసీ_కాంప్లెక్స్
బాబాయ్‌తో నేను ఏకీభవించను. రాత్రంతా మెలకువగా ఉండి, పొద్దున్న నిద్రపోయి, మధ్యాహ్నం అర్థమెటిక్ చేసినవాడెవడూ 411లో పడలేదు. మా రూమ్‌లో ఉన్నవాళ్ళలో ఎస్సై కొట్టినవాడు ఉద్యోగం వదిలేసే కొట్టాడు. కాలు రెండు పడవల్లో పెడితే రెండూ పోతాయి.

బ్యాంకు_బాబాయ్
వాడికి ఇంటి నుంచి నెలనెలా డబ్బొచ్చేదా లేదా? అది కూడా చెప్పు.

ఆర్టీసీ_కాంప్లెక్స్
...వచ్చేది. వాళ్ళకి తుని దగ్గర జీడితోట ఉంది.

కంచరపాలెం_కుర్రోడు
ముందు జీడితోట, తర్వాత రాజీనామా. నోట్ చేసుకో తమ్ముడూ.

ఏయూ_గ్రౌండ్_ఐదింటికి
పరుగు సున్నా అన్నావు కాబట్టి అక్కడి నుంచి మొదలెడదాం. మగవాళ్ళకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు. 1600 తప్పనిసరి, మిగతా రెంట్లో ఒకటి చాలు. సివిల్‌కి, అంటే స్టేషన్లలో పనిచేసే పోలీసుకి, ఇవి అర్హతకే, మార్కులుండవు. ఏపీఎస్పీ, అంటే బెటాలియన్ల వైపు వెళ్తే మాత్రం ఎంత వేగంగా పరిగెత్తితే అన్ని మార్కులు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, నీకు పర్లేదు. ఛాతీ 86.3, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. చాలామంది ఎత్తు చూసుకుని వచ్చేసి ఛాతీ దగ్గర దొరికిపోతారు. ఇవాళే టేపు పెట్టి చూసుకో.

8 నిమిషాలంటే వినడానికి తేలిక. 400 మీటర్ల ట్రాక్‌ మీద ఒక్కో రౌండ్ రెండు నిమిషాలు, నాలుగు రౌండ్లు. మొదటి రౌండ్ అందరూ ఊపు మీద నిమిషంన్నరలో కొడతారు. మూడో రౌండ్‌లో కడుపు పట్టేస్తుంది, నాలుగోది నడకే. మొదటి రౌండ్ కావాలని నెమ్మదిగా పరిగెత్తడం ముందు నేర్చుకో. రోజూ కూర్చునే ఉద్యోగం చేసేవాళ్ళకి పిక్కలూ మోకాళ్ళూ మొదటి నెలలోనే మొరాయిస్తాయి, కాబట్టి మొదట్లో ఒకరోజు పరుగు, ఒకరోజు నడక. రాత్రి షిఫ్టయ్యాక నిద్రలేకుండా అసలు పరిగెత్తకు.

పెందుర్తి_పరుగు
అన్న చెప్పిందంతా నిజం. ఆడపిల్లలు ఎవరైనా చదువుతుంటే మనకి 1600 పది నిమిషాల ముప్పై సెకన్లలో, 100 పద్దెనిమిది సెకన్లలో, జంప్ 2.75. ఎత్తు 152.5, బరువు 40 కేజీలు తగ్గకూడదు. నేను కూడా జాబ్ చేస్తూనే రాస్తున్నా, డైమండ్ పార్క్ దగ్గర ఒక ఆడిటర్ ఆఫీసులో. మార్చి నెల నరకం, మిగతా నెలలు చదువుకోవచ్చు. పూర్తిగా మానేస్తే ఇంట్లో మరుసటి వారం నుంచే పెళ్ళి సంబంధాలు మొదలు. నాకు జాబ్ అంటే జీతం ఒక్కటే కాదు, ఆ సంబంధాలకి అడ్డుగోడ.

మజ్జిగపులుసు
ఈ థ్రెడ్ మొత్తంలో ఇదొక్కటే అసలైన వ్యూహం.

సీడీ_ఫైలు
సర్వీసులో ఉన్నా. ర్యాంకు, స్టేషన్ అడక్కండి.

తమ్ముడూ, నువ్వు స్క్రీన్ ముందు కూర్చోలేక ఖాకీ వేసుకుందామనుకుంటున్నావు. ఒక గంజాయి కేసు ఎలా నడుస్తుందో చెప్తా, తర్వాత నీ ఇష్టం.

ఏజెన్సీ నుంచి దిగే కారు ఒకటి రాత్రి ఆపాం. డిక్కీ కింద రేకు కోసి అర చేశారు, బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు. సినిమా అయితే అక్కడితో శుభం. మాకు అక్కడే మొదలు. మధ్యవర్తులు, అంటే పంచనామా సాక్షులు, రావాలి, వాళ్ళని అర్ధరాత్రి నిద్రలేపి తేవాలి. ప్రతి ప్యాకెట్ తూకం వెయ్యాలి, నంబరు రాయాలి, సీలు వెయ్యాలి, మధ్యవర్తుల నివేదిక అక్కడే రాయాలి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాక సోదా, స్వాధీనం అంతా వీడియో తియ్యాలి, పాత సీఆర్పీసీ బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఎవరి ఫోన్‌తో తీశామో అది కూడా రాయాలి. అరెస్టు కారణాలు కాగితం మీద ముద్దాయి చేతికివ్వాలి. వాళ్ళ ఇంటికి కబురు చెప్పాలి, ఆ ఇల్లు ఇంకో రాష్ట్రంలో, ఆ ఊరి భాష మాకు రాదు. ఇదంతా అయ్యి, వైద్య పరీక్ష చేయించి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. రిమాండ్ రిపోర్ట్ తెల్లవారుజామున రాస్తాం, కళ్ళు మూతలు పడుతుంటే. తర్వాత అడవివరం జైలు. తర్వాత శాంపిళ్ళు మేజిస్ట్రేట్ సమక్షంలో తియ్యాలి, మాదకద్రవ్యాల చట్టం 52ఏ సెక్షన్. 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం కాబట్టి ఛార్జిషీటుకి 180 రోజులు గడువుంటుంది, కానీ ల్యాబ్ రిపోర్ట్ కోసం ఆ 180 రోజులూ వెంటపడాలి. ఏడాది రెండేళ్ళ తర్వాత కోర్టులో అవతలి లాయరు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: తూకం వేసిన కాటా ఎవరిది? నివేదికలో రాయకపోయావో, అంతే సంగతులు.

పట్టుకున్నది పావుగంట. రాసింది నెలలు. మా పనిలో సగం పైగా రాతే. సీడీ, అంటే కేస్ డైరీ, రాయడం చేతకాని ఎస్సై స్టేషన్‌ రైటర్ చేతిలో కీలుబొమ్మ. నీ బిల్లింగ్ పని నేర్పినదేదో ఉంది చూడు, ఏ కాగితం లేక క్లెయిమ్ తిరిగొచ్చిందో కనిపెట్టడం, అది మాకు బంగారం. అబద్ధం కాదు.

రాత్రిబండి_రుషికొండ
ఇది చదివాక పావుగంట ఊరికే కూర్చున్నా. అయితే నేను ఒక డెస్క్ వదిలి ఇంకో డెస్క్‌కి వెళ్తున్నానన్నమాట.

సీడీ_ఫైలు
తేడా ఉంది. నీ దగ్గర క్లెయిమ్ తప్పితే ఒక కంపెనీకి డబ్బు ఆలస్యమవుతుంది. నా దగ్గర కాగితం తప్పితే దొంగ బయటికొస్తాడు, లేకపోతే ఏ తప్పూ చెయ్యనివాడు లోపలుంటాడు. నిద్ర అందుకే పట్టదు, అందుకే మానెయ్యాలనీ అనిపించదు.

ఎన్ఏడీ_జంక్షన్
సార్ గొప్పగా చెప్పారు కానీ అసలు విషయం వదిలేశారు. పోస్టింగులు. ఎవరికి ఏ స్టేషన్ అనేది ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలుసు. నచ్చకపోతే పోస్టింగ్ లేకుండా వీఆర్‌. నిజాయితీగా చేద్దామని వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశా.

సీడీ_ఫైలు
కాదనను. వీఆర్‌లో నేనూ ఉన్నా. జీతం వచ్చింది, పిల్లల్ని స్కూల్లో దింపా. ప్రళయం రాలేదు.

రిటైర్డ్_హెచ్‌సీ_83
నాను 1983లో కానిస్టేబులుగా సేరి హెడ్డుగా దిగిపోనాను. ఈ గుంటడు అడిగిందానికి ఎవులూ సెప్పని ముక్క ఒకటి సెప్తాను. శవాల సంగతి.

మన ఊరికి సముద్రం ఉంది. సెలవు రోజుల్లో కాలేజీ గుంటలు యారాడనీ రుషికొండనీ ఒచ్చి దిగుతారు. ఒకడు పోతాడు. రెండో రోజో మూడో రోజో అల తెచ్చి ఒడ్డునేస్తది. శవ పంచనామా నువ్వే రాయాల. ఒంటి మీద ఏటేటి దెబ్బలున్నాయి, చేప కొరికిందా, రాయి తగిలిందా, మొలతాడు ఏ రంగు, జేబులో ఏటుంది, అంతా దగ్గరగా సూసి రాయాల. తర్వాత కేజీహెచ్ మార్చురీ. అక్కడ ఆళ్ళమ్మ ఉంటాది. ఆమె అడిగే మాటకి ఏ ట్రైనింగులోనూ జవాబు సెప్పరు. "ఆఖర్న ఏటైనా అన్నాడా బాబూ" అని అడుగుతాది. ఆడితో నాను లేను కదా. అయినా నన్నే అడుగుతాది.

ఇది చెయ్యగలవా నేదా అని ఇప్పుడు సెప్పలేవు. ఎవులూ సెప్పలేరు. కానీ ఏసీ గదిలోంచి పారిపోడానికే అయితే రావద్దు.

పెందుర్తి_పరుగు
తాతగారూ...

మజ్జిగపులుసు
ఈ పోస్టు మీద జోకు వెయ్యను.

ఖాకీ_ఇంటావిడ
మా ఆయన ఎస్సై. అమ్మ ఎండ గురించి భయపడుతోంది అన్నావు కదా బాబూ, ఎండ కాదు, పండగలు. సంక్రాంతికి కోడిపందేల దగ్గర డ్యూటీ. వినాయక నిమజ్జనం బీచ్‌లో. చందనోత్సవం సింహాచలంలో. 2025 జూన్‌లో యోగా డేకి ప్రధాని వచ్చినప్పుడు వారం పైన మనిషి మాకు కనబడనే లేదు, బట్టలు డ్రైవర్ వచ్చి తీసుకెళ్ళాడు. ఆషాఢంలో గిరి ప్రదక్షిణకి నేనూ మా ఆడపడుచూ వెళ్ళాం. 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక. ఆయనకి హనుమంతవాక దగ్గర బందోబస్తు. జనంలో నడుస్తూ వెళ్ళి చేతిలో మజ్జిగ ప్యాకెట్ పెట్టాను. "ఆగకండి, నడవండి నడవండి" అన్నారు. నన్నే! మొహం చూశాక నవ్వొచ్చింది ఆయనకి.

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పు ఆ అమ్మాయికి. నాకు ఎవరూ చెప్పలేదు. అయినా బాగానే ఉన్నాం లే.

కంచరపాలెం_కుర్రోడు
మా బావ కానిస్టేబుల్. పీఎం పాలెం స్టేడియంలో ఐపీఎల్ డ్యూటీ పడిందని ఊరంతా కుళ్ళుకున్నాం. మ్యాచ్ మొత్తం పిచ్‌కి వీపు పెట్టి జనాన్ని చూస్తూ నిలబడ్డాడట. స్కోరు ఎంతో ఇంటికొచ్చి మా మేనల్లుణ్ణి అడిగాడు.

కొత్తపాళెం_కోపం
అందరూ భయపెడుతున్నారేంటి? జీతం సంగతి ఒక్కరూ ఎత్తరే. 2022 పీఆర్సీ ప్రకారం ఎస్సై స్కేలు 44,570 నుంచి 1,27,480. దానిమీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. కానిస్టేబుల్ 25,220 నుంచి 80,910. తమ్ముడికి ఇప్పుడు 31 వేలు, పదేళ్ళయ్యాక ఆ బిల్లింగ్ పని ఏ మెషినో చేసేస్తుంది. ఎస్సైగా చేరితే సీఐ, అదృష్టముంటే డీఎస్పీ. ఇంకేం కావాలి?

బ్యాంకు_బాబాయ్
పెన్షన్ కూడా చెప్పు. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్ళకి పాత పెన్షన్ లేదు. "గవర్నమెంట్ జాబ్, ముసలితనంలో నిశ్చింత" అని మా తరం చెప్పే మాట మీ తరానికి పనిచెయ్యదు. జీతం మంచిదే, ఒప్పుకుంటా. ఎస్సై పోస్టు రేంజ్ లెక్కన ఉంటుంది, విశాఖలోనే ఉంటానని మాత్రం అనుకోకు. ఇచ్ఛాపురం రావచ్చు, పాడేరు పైన చలిలో రావచ్చు.

అరకు_లోయ_గాలి
పాడేరు చలి మీద జోకులొద్దు, మేం ఇక్కడే ఉంటాం. గిరిజన అభ్యర్థులు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఏజెన్సీ ఎస్టీలకి ఎత్తు 160, ఛాతీ 80 ఉంటే చాలు, 3 సెంటీమీటర్లు పెరిగితే సరిపోతుంది. ఇది తెలీక మా ఊళ్ళో ఇద్దరు దరఖాస్తే పెట్టలేదు.

గాజువాక_సీఐఎస్ఎఫ్
ఒక్క బోర్డు మీదే ఎందుకు కూర్చోవడం? స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ సీపీఓ పరీక్ష కూడా రాయండి. ఢిల్లీ పోలీస్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్ఎఫ్ ఎస్సై పోస్టులు. వయసు 20 నుంచి 25, ఓబీసీకి మూడేళ్ళు సడలింపు. కాబట్టి నీకు ఇంకా టైముంది, ఎక్కువ లేదు. 1600 మీటర్లు ఆరున్నర నిమిషాల్లో, ఇక్కడికంటే గట్టి. సిలబస్ చాలావరకు కలుస్తుంది, అర్థమెటిక్, రీజనింగ్ అవే. రాష్ట్ర బోర్డు సివిల్ ఎస్సైకి పై వయసు 27, బీసీకి ఇంకో ఐదు. కంగారు పడాల్సింది సీపీఓకే.

రాత్రిబండి_రుషికొండ
సీపీఓ సంగతి ఇప్పటిదాకా ఆలోచించలేదు. థాంక్స్ అన్నా. ఇంకో అనుమానం. డిగ్రీలో కాలేజీ ఎన్నికల గొడవలో పాతికమంది మీద కేసు పెట్టారు, అందులో నా పేరుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. ఇది ఫారంలో రాయాలా? ఫ్రెండ్సంతా "క్లోజ్ అయిందిగా, వదిలెయ్" అంటున్నారు.

సీడీ_ఫైలు
రాయి. తప్పకుండా రాయి. వెరిఫికేషన్‌లో మేమే వచ్చి చూస్తాం, అది ఎలాగూ బయటపడుతుంది. చిన్న కేసు, రాజీ అయింది, రాశావు కాబట్టి ఆలోచిస్తారు. దాచావంటే కేసు పోయి దాచడమే నేరమవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతంతా విడమరచి చెప్పింది. లోక్ అదాలత్ అవార్డు కాపీ ఇప్పుడే తీసి పెట్టుకో. ఆ ఫ్రెండ్స్‌ మాట వినకు.

ఎన్ఏడీ_జంక్షన్
ఈ సలహా ఒక్కదానికి సార్‌కి దండం.

ఆర్టీసీ_కాంప్లెక్స్
మళ్ళీ నా మాటకే వస్తా. రాత్రి షిఫ్టుతో మాత్రం జరగదు. మానెయ్యకపోతే మానెయ్యకు, కనీసం షిఫ్టు మార్పించుకో.

బ్యాంకు_బాబాయ్
ఇందులో మాత్రం కాంప్లెక్స్‌తో నాకు పేచీ లేదు. పగటి షిఫ్టుకి అడుగు, జీతంలో నైట్ అలవెన్స్ పోతే పోనీ. ప్రిలిమ్స్‌కి ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు: రెండు పేపర్లు వంద వంద, బీసీకి ఒక్కోదాంట్లో 35 శాతం గీత. అది దాటి గ్రౌండ్‌లో కూడా పాసయ్యాక, మెయిన్స్ తేదీ చేతిలో ఉన్నప్పుడు, అప్పుడు జీతం లేని సెలవు అడుగు. ఇవ్వకపోతే అప్పుడు రాజీనామా సంగతి చూద్దువు. అప్పటికి నీ ఏడెనిమిది నెలల డబ్బుకి అర్థం ఉంటుంది, ముందుండే పరీక్ష ఎప్పుడో తెలుసు కాబట్టి. సివిల్‌కి మెరిట్ అంతా అర్థమెటిక్, జనరల్ స్టడీస్ పేపర్లదే. ఇంగ్లీషు, తెలుగు పాసైతే చాలు.

పెందుర్తి_పరుగు
తెలుగు పేపర్ని తేలిగ్గా తీసుకోవద్దు బాబాయ్. డిగ్రీ దాకా ఇంగ్లీషు మీడియం చదివినవాళ్ళు అక్కడే వ్యాసం రాయలేక తన్నుకుంటున్నారు. నేను రోజూ ఒక సంపాదకీయం చేత్తో రాస్తున్నా.

రాత్రిబండి_రుషికొండ
పొద్దున్నే మేనేజర్ని కలిశా. మధ్యాహ్నం షిఫ్టు వచ్చే నెల నుంచి ఇస్తానన్నాడు, నాలుగు వేలు తగ్గుతుంది. ఒప్పుకున్నా. రాజీనామా ఇప్పుడు లేదు. ఛాతీ టేపు పెట్టి చూశా: 85. ఊపిరి పీలిస్తే 89.

రిటైర్డ్ హెచ్‌సీ గారూ, మీరడిగిందానికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తూనే ఉన్నా.

రిటైర్డ్_హెచ్‌సీ_83
పర్లేదు. ఆలోచిస్తన్నావు, అది సాలు.

ఏయూ_గ్రౌండ్_ఐదింటికి
85 అంటే భయపడకు, దండీలు, పుష్-అప్‌లు చేస్తే పెరుగుతుంది. ఆ 5 సెంటీమీటర్ల పెంపు కూడా సాధన మీద వస్తుంది. కొలిచేవాడు ఊపిరి బిగబట్టమన్నప్పుడు కడుపు కాదు, పక్కటెముకలు విప్పాలి. అద్దం ముందు చెయ్యి. ఎత్తు మాత్రం ఎవడూ పెంచలేడు. 2023లో ఎత్తు తప్పు కొలిచారని కొందరు ఎస్సై అభ్యర్థులు హైకోర్టుకెళ్తే, కోర్టు దగ్గరుండి మళ్ళీ కొలిపించింది.

మజ్జిగపులుసు
పెరిగారా?

ఏయూ_గ్రౌండ్_ఐదింటికి
లేదు.

కంచరపాలెం_కుర్రోడు
పరుగు ఎక్కడ మొదలెట్టాలి అన్నా? బీచ్ రోడ్‌లో పొద్దున్న బండ్లు ఆపేస్తారుగా, అక్కడ బాగుంటుందా? నేనూ వస్తా, ఊరికే, పొట్ట తగ్గుద్దని.

ఏయూ_గ్రౌండ్_ఐదింటికి
నడకకి బీచ్ రోడ్. టైము చూసుకుని పరిగెత్తాలంటే మట్టి ట్రాక్. సిమెంటు మీద రోజూ పరిగెడితే పిక్క ఎముక నొప్పి పట్టుకుంటుంది. ఇసకలో అసలొద్దు, మడమ మెలిపడుతుంది.

పెందుర్తి_పరుగు
ఇసకలో వారానికి ఒకసారి మంచిదే అన్నా, జంప్‌కి కాళ్ళు గట్టిపడతాయి. మా కోచ్ చేయిస్తారు.

ఏయూ_గ్రౌండ్_ఐదింటికి
కోచ్ పక్కనుంటే సరే. ఒంటరిగా కొత్తగా మొదలెట్టేవాడికి చెప్తున్నా. ఆదివారం ఐదింటికి ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్‌కి రండి, ఎవరి దగ్గరైనా స్టాప్‌వాచ్ ఉంటే తేండి, నాది పాడైంది.